ఆ టిక్కు టిక్కు ఎక్కడిది?



పాత బండి నడిపేవాళ్లకి మిగతా జనం కంటే ఒక చెవి ఎక్కువ ఉంటుంది. కొత్త కారాయన అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని పోతాడు. పాత జీపో, పాత జిప్సీయో నడిపే ఆయన పక్క సీటులో మనిషితో కబుర్లు చెబుతూనే ఒక చెవి బోనెట్ దగ్గర వదిలేసి ఉంటాడు. ఏ గేరులో ఏ మూలుగు వస్తుందో, ఏ గతుకులో ఏ రేకు మోగుతుందో ఆయనకి కంఠతా వచ్చు. అలాంటాయన ఒక పొద్దున తాళం తిప్పగానే నిన్నటిదాకా లేని చప్పుడొకటి వినిపిస్తుంది. టిక్, టిక్, టిక్, టిక్. యాక్సిలరేటర్ తొక్కితే టికటికటికా అని పరుగెత్తుతుంది. కాలు తీస్తే నెమ్మదిస్తుంది. బండి నిలబడే ఉంది కాబట్టి చక్రాలది కాదు, బాడీది కాదు. ఇంజనుదే. ఇక ఆ రోజు ఆయనకి టిఫిన్ సహించదు.

ఈ పూట ఆ చప్పుడు సంగతి మాట్లాడుకుందాం. నేను చాలాకాలం పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి. తరగతిలో ఇంజను గురించి చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే నల్లబల్ల మీద గీసిన ఇంజను చప్పుడు చేయదు. అసలు పరీక్ష షెడ్డులో ఉంటుంది.

షెడ్డుకి వెళ్లగానే ఏమవుతుందో మీకు తెలుసు. మెకానిక్ బోనెట్ ఎత్తకముందే తీర్పు చెప్పేస్తాడు. "టాపెట్లు సార్. సెట్ చేసేద్దాం." ఆయన్ని తప్పు పట్టను. పాత పెట్రోలు ఇంజనులో టిక్కు టిక్కు మంటే చాలాసార్లు టాపెట్లే. నా అభ్యంతరం ఒక్కటే. ఇంజను మీద, ఇంజను చుట్టూ టిక్కుమనగలిగిన వస్తువులు డజనుకి తక్కువ లేవు. వాటిలో ఒకదాని పేరు ముందే చెప్పేసి స్పానర్ పట్టుకుంటే, ఆ పేరు తప్పయినప్పుడు బాగున్న భాగం చెడుతుంది. చెడ్డది అలాగే ఉంటుంది.

టాపెట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఉదాహరణకి జిప్సీనే తీసుకుంటాను, ఎందుకంటే మన కొండదారుల్లో అది తిరగని మలుపు లేదు. మారుతి సంస్థ 1985 చివర్లో దీన్ని తెచ్చింది. సుజుకీ వారి ఎస్‌జే 410 దీని మూలం. మొదటి రకానికి ఎంజీ 410 అని పేరు. 970 సీసీ, నాలుగు సిలిండర్లు, 45 హార్స్‌పవర్. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. ఆ తరవాత కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న ఎంపీఎఫ్ఐ రకం వచ్చింది. సైన్యం, పోలీసులు, అటవీ శాఖ వాడి వాడి వదిలేసినవి వేలంలో కొనుక్కుని ఇప్పటికీ ముద్దుగా చూసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఆ మొదటి 970 సీసీ ఇంజనులో సిలిండరుకి రెండు చొప్పున ఎనిమిది వాల్వులు. హెడ్డు పైన కామ్‌షాఫ్ట్ తిరుగుతుంటుంది. కామ్ మీది ఉబ్బు రాకర్ ఆర్మ్ ఒక కొసని ఎత్తుతుంది, రెండో కొస వాల్వుని కిందికి నొక్కుతుంది. ఆ కొసకీ వాల్వు తలకీ మధ్య కొంచెం సందు వదులుతారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ సందు మిల్లీమీటరులో ఆరో వంతో ఏడో వంతో, అంతే. వేడికి లోహం సాగుతుంది, సాగడానికి చోటు కావాలి, అందుకు. అరుగుదల వల్ల ఆ సందు పెరిగితే ఆర్మ్ వచ్చి వాల్వుని తాకే ప్రతిసారీ టిక్. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, స్క్రూ తిప్పి, నట్టు బిగిస్తే సరి. షెడ్డులో టాపెట్ సెట్ చేయడమంటే ఇదే. అరపూట పని.

మరి ఆ సందు పూర్తిగా మూసేస్తే? చప్పుడు మాయమవుతుంది. ఓనరు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు పని నిప్పుల మధ్య. అది మూసుకున్న కాసేపూ సీటుకి గట్టిగా ఆనుకుని తన వేడిని హెడ్డులోకి పంపి చల్లబడుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు. మూసుకోని వాల్వు చల్లబడదు. అంచు కాలుతుంది, కంప్రెషన్ పోతుంది. అందుకే పాత మేస్త్రీలు చప్పుడు చేసే టాపెట్‌ని చూసి కంగారు పడరు, చప్పుడే చేయని టాపెట్‌ని చూసి అనుమానపడతారు. గ్యాస్ కిట్లు పెట్టించిన పాత బండ్లవాళ్లు ఈ మాట ఇంకాస్త శ్రద్ధగా వినాలి. ఎల్‌పీజీ మీద నడిచే పాత ఇంజనులో వాల్వు సీట్లు అరిగి, వాల్వు పైపైకి జరుగుతూ, సందు దానంతటదే తగ్గిపోతుంది. బండి రోజురోజుకీ నిశ్శబ్దంగా తయారవుతుంటే అది ఆరోగ్యం అనుకోకండి.

సరే, చప్పుడు దొంగని ఎలా పట్టుకోవాలి? "ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని అందరూ మొదట అడుగుతారు. అది చివర అడగాల్సిన ప్రశ్న. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, ఇనుములో సుమారు 5000 మీటర్లు. ఇంజను మొత్తం ఒకదానికొకటి బిగించిన లోహమే కాబట్టి ఒక మూల పుట్టిన చప్పుడు అన్ని మూలలా పలుకుతుంది. నలుగురు నిలబడితే నాలుగు చోట్లకి వేలు చూపిస్తారు.

మొదట అడగాల్సింది చప్పుడు ఏ లయలో ఉందని. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఎప్పుడూ, ఏ వేగంలోనైనా, సరిగ్గా సగం. సంగీతం తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది: కామ్ మొదటి కాలంలో వాయిస్తుంది, క్రాంకు రెండో కాలంలో వాయిస్తుంది. ఐడిలింగులో ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక టాపెట్ చప్పుడు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు సార్లు వస్తుంది. క్రాంకు వైపు బేరింగు చప్పుడయితే దానికి రెట్టింపు, సెకనుకి సుమారు పదమూడు. మొదటిది వేరు వేరు దెబ్బలుగా వినబడుతుంది. రెండోది కలిసిపోయి ధారగా వినబడుతుంది.

చెవి మీద నమ్మకం లేకపోతే ఫోనులో రికార్డు చేసి, వేగం పావు వంతుకి తగ్గించి వినండి. వేళ్ల మీద లెక్క పెట్టుకోవచ్చు. షెడ్డులో అయితే టైమింగ్ లైట్ ఉంటుంది. దాని క్లిప్పు మొదటి సిలిండరు ప్లగ్గు వైరుకి తగిలిస్తే ఆ సిలిండరు మండినప్పుడల్లా, అంటే క్రాంకు రెండు చుట్లకి ఒకసారి, లైటు మెరుస్తుంది. మెరుపు మెరుపుకీ ఒక్కొక్క టిక్ వినిపిస్తే చప్పుడు సగం వేగంలో ఉంది. మెరుపుకి రెండేసి వినిపిస్తే క్రాంకు వేగంలో ఉంది. ఇంజను విప్పకుండా, చేతికి మసి అంటకుండా, సగం అనుమానితులు గడప దాటి వెళ్లిపోతారు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. సగం వేగం తేలింది కాబట్టి టాపెట్లే అంటారు. సగం వేగంలో కొట్టుకునేవి ఇంకా ఉన్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఒక సిలిండరు ప్యాకింగ్ కాలిపోతే, ఆ సిలిండరు పొగ వదిలినప్పుడల్లా సందులోంచి ఫట్ మంటుంది. అదీ రెండు చుట్లకి ఒకసారే. వదులైన స్పార్క్ ప్లగ్గు అంతే. ప్లగ్గు వైరు చిట్లి ఇంజను ఇనుము మీదికి నిప్పు దూకుతుంటే అదీ అంతే. ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇంజెక్టర్లు టిక్కుటిక్కుమనడం వాటి సహజ గుణం, దానికి వైద్యం అక్కర్లేదు. కార్బురేటర్ బండ్లలో కామ్‌షాఫ్టు తోసే పెట్రోలు పంపు ఉంటుంది, మెకానిక్కులు ఏసీ పంపు అనేది, అది కూడా సగం వేగంలోనే ఆడుతుంది.

మా మేనల్లుడి జిప్సీ కథ చెబితే ఇదంతా ఒక దారిలో పడుతుంది. వాడు చింతపల్లి వైపు కాఫీ, మిరియం వేస్తాడు. తొంభైల నాటి ఎంజీ 410, కార్బురేటర్ ఇంజను. ఒకసారి దాన్నేసుకుని అనకాపల్లి మా ఇంటికి వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"మావయ్యా, లంబసింగిలో ఒకటే టిక్కుటిక్కు. నర్సీపట్నం దిగేతలికి సగం తగ్గిపోతాది. పూర్తిగా పోదు. ఇదేటి మావయ్యా?"

"ఎవరికి చూపించావురా?"

చూపించాడు. మొదటి షెడ్డులో టాపెట్లు సెట్ చేశారు, కొంచెం తగ్గినట్టనిపించింది. మళ్లీ వెళితే ఇంకాస్త బిగించారు. ఆ తరవాత ఐడిలింగులో ఇంజను వణకడం మొదలైంది. రెండో షెడ్డువాళ్లు విని, బేరింగులు పోయాయి, ఇంజను దించాలి అన్నారు. ఇంజను దించడమంటే వాడి ఆ ఏటి మిరియం డబ్బులు ఎగిరిపోవడమే. అందుకు నా దగ్గరికి వచ్చాడు.

వాడు తెలియకుండానే మంచి ఆధారం ఇచ్చాడు. లంబసింగిలో ఎక్కువ, నర్సీపట్నంలో తక్కువ అన్నాడు. ఊళ్లకి దాంతో సంబంధం లేదు. లంబసింగిలో పొద్దున్నే చలి గజగజలాడిస్తుంది, ఇంజను మంచులో తడిసి ఉంటుంది. ఘాట్ దిగేసరికి వేడెక్కుతుంది. అంటే ఈ చప్పుడులో ఒక భాగం చల్లదనానిది. షెడ్డుల్లో ఇది ఎవరికీ ఎందుకు దొరకలేదంటే, మెకానిక్ దగ్గరికి బండి ఎప్పుడూ వేడిగానే వెళుతుంది, నడుపుకుంటూ వెళతాం కదా! ఆయన విన్నది మనం పొద్దున విన్న చప్పుడు కాదు. చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు ఉంటే బండిని రాత్రంతా షెడ్డులో వదిలేసి, మర్నాడు మొదటిసారి తాళం తిప్పేటప్పుడు మెకానిక్ పక్కన ఉండేలా చూసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. చేయమంటే ఎవరూ చేయరు.

మేము అదే చేశాం. తెల్లారగానే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూశాం. కొండ బండ్లకి ఇది మరీ ముఖ్యం. ఆయిల్ తక్కువగా ఉన్న బండి నిటారు ఎత్తులో, పక్కకి వాలిన దారిలో నడిస్తే ఛాంబరులో ఆయిల్ అంతా ఒక పక్కకి చేరిపోయి, పంపు గాలి పీలుస్తుంది. పై భాగాలకి ఆయిల్ అందక టకటకమంటాయి. వాడి బండిలో ఆయిల్ నిండుగానే ఉంది, అయితే ఉండాల్సిన దానికంటే చిక్కటి రకం. చప్పుడు తగ్గుతుందని ఎవరో పోసి పెట్టారు. చప్పుడుకి చిక్కటి ఆయిల్ పోయడం నాకు అస్సలు నచ్చని వైద్యం. చలిలో స్టార్ట్ చేసినప్పుడు అది పైకి ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ కాసేపూ కామ్ పొడిపొడిగా అరుగుతుంది.

స్టార్ట్ చేశాం. టిక్, టిక్, టిక్. టైమింగ్ లైట్ పెడితే మెరుపుకి ఒక్కటే దెబ్బ. సగం వేగం. అక్కడికక్కడే బేరింగుల మీద కేసు కొట్టేశాం. మేనల్లుడి మొహంలో కాస్త రంగు వచ్చింది.

తరవాత ఒక్కొక్క సిలిండరునీ ఆపి చూడటం. దీనికో పద్ధతి ఉంది. నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు వైరు చేత్తో పీకకండి. వేల వోల్టుల కరెంటు అది, గుండెకి మంచిది కాదు. కొత్త తరహా ఇగ్నిషన్ అయితే దాని మాడ్యూల్ కూడా కాలిపోవచ్చు. ఇంజను ఆపి, వైరు తీసి, దాని కొసకి వేరే ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇంజను ఇనుముకి గట్టిగా ఆనేలా కట్టి, అప్పుడు స్టార్ట్ చేయాలి. పెట్రోలు చెమ్మ ఎక్కడా లేదని ముందే చూసుకోవాలి. సిలిండరులో మంట లేకపోతే పొగ ఒత్తిడి పడిపోతుంది. చప్పుడు ఎగ్జాస్ట్ లీకుదయితే బాగా తగ్గుతుంది. పిస్టన్‌దో బేరింగుదో అయినా మారుతుంది. టాపెట్‌ది మాత్రం మారదు, ఎందుకంటే మంట ఉన్నా లేకపోయినా కామ్ తన పని తాను చేస్తుంది.

మూడో సిలిండరు ఆపగానే చప్పుడు సగానికి పడింది. మానిఫోల్డ్ దగ్గర టార్చి వేసి చూస్తే మూడో పోర్టు కింద నల్లటి మసి చార కనిపించింది. ఒక స్టడ్ విరిగిపోయి ఉంది, నట్టు ఎప్పుడో ఏ గెడ్డలోనో రాలిపోయి ఉంటుంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఆ మసి దగ్గర పెడితే ఫట్, ఫట్ మని స్పష్టంగా వినిపించింది. పోత ఇనుము మానిఫోల్డ్ వేడెక్కితే సాగి ఆ సందు మూసుకుంటుంది. అదీ నర్సీపట్నం రహస్యం. ఎక్కుడు దారిలో ఇంజను మీద బరువు పడ్డప్పుడు ఈ చప్పుడు పెరుగుతుందని కూడా గుర్తుపెట్టుకోండి.

విరిగిన స్టడ్ తీయించి, కొత్త ప్యాకింగ్ వేయించాం. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే పెద్ద చప్పుడు పోయింది. చిన్న టిక్కు మాత్రం ఉంది. ఇది వేడెక్కినా తగ్గడం లేదు. మూడో సిలిండరు ఆపినా మారడం లేదు. ఏ సిలిండరు ఆపినా మారడం లేదు. పాత బండితో ఇదే చిక్కు. ఒక చప్పుడుకి ఒకే కారణం ఉండాలన్న నియమం దానికి తెలియదు.

ఇక్కడ కథ కాసేపు ఆపి, మా వాడి బండిలో లేకపోయినా మీ బండిలో ఉండగలిగినవి చెబుతాను. వానాకాలంలోనే వచ్చే టిక్కు ఒకటుంది. చిటుక్, చిటుక్ మని పొడిగా ఉంటుంది, ఇంజను కూడా కొంచెం తడబడుతుంది. రాత్రి పూట లైట్లన్నీ ఆర్పి బోనెట్ ఎత్తి చూడండి. చిట్లిన ప్లగ్గు వైరు మీంచి ఇనుము మీదికి నీలం నిప్పు దూకుతూ కనబడుతుంది. కొత్త వైర్లు వేయడమే దాని మందు. రాళ్లలో తిరిగే బండ్లకి మరో చప్పుడుంది. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఫ్లైవీల్ కింద పల్చటి రేకు ఉంటుంది. కింద బండరాయి తగిలి ఆ రేకు లోపలికి వంగితే ఫ్లైవీల్ దాన్ని గీసుకుంటూ తిరుగుతుంది. అది క్రాంకు వేగంలో వస్తుంది కాబట్టి బేరింగే అనిపిస్తుంది. ఆ రేకు కోసం ఇంజను విప్పేసినవాళ్లు ఉన్నారు. బండి కిందికి దూరి టార్చి వేసి చూడండి, స్క్రూడ్రైవరుతో వెనక్కి వంచితే పోతుంది. వాగు దాటిన మర్నాడు మొదలైన చప్పుడయితే ఫ్యాన్ రెక్క దాని గూడుకి తగులుతోందేమో చూడాలి. ఫ్యాన్ బెల్టు తీసేసి ఇంజను అరనిమిషం నడిపితే డైనమో, వాటర్ పంపు, ఫ్యాన్ సంగతి ఒకేసారి తేలిపోతుంది. అరనిమిషమే సుమా, నీరు తిరగదు. టైమింగ్ బెల్టు అంచు పీచులు లేచి లోపలి కవరుకి కొట్టుకున్నా టిక్కుమంటుంది. అదయితే ఆలస్యం చేయకూడదు. ఆ బెల్టు తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, అడవిలో అయినా సరే.

జిప్సీ దగ్గరికి వద్దాం. ఇప్పుడు మిగిలినవి టాపెట్లు, ఏసీ పంపు, సగం వేగంలోనే తిరుగుతూ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. మేనల్లుడు "అయితే టాపెట్లే కదా మావయ్యా" అన్నాడు. అనడం ఎందుకు, కొలుద్దాం. చల్లని ఇంజను మీద పై కవరు తీసి ఫీలర్ గేజ్ పెట్టాను. ఎగ్జాస్ట్ వాల్వుల్లో రెండింటికి గేజ్ లోపలికి పోనే పోలేదు. సున్నా సందు. అంటే చప్పుడు చేస్తున్నాయని నింద పడ్డ టాపెట్లు చప్పుడు చేసే స్థితిలోనే లేవు. వాటిని నొక్కేశారు. ఐడిలింగులో వణుకు ఎందుకొచ్చిందో కూడా తెలిసిపోయింది. ఎనిమిదింటికీ కంపెనీ చెప్పిన కొలత పెట్టి మూసేశాం. వణుకు కొంత తగ్గింది. చిన్న టిక్కు అలాగే ఉంది.

ఎక్కడ అన్న ప్రశ్న అడగడానికి ఇప్పుడు సమయం వచ్చింది, అనుమానితులు ఇద్దరే కాబట్టి. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడిని చెవి ముందున్న ఎముకకి ఆనించి, మొనని ఒక్కో భాగం మీద పెట్టాం. చెవి రంధ్రంలో పెట్టుకోకండి, ఎముక చాలు. లుంగీ కొసలు, కండువా, చేతి గొలుసు ఫ్యాన్‌కి దూరంగా ఉంచుకోండి. డిస్ట్రిబ్యూటర్ మీద మామూలు గరగర. హెడ్డు మీద టిక్కు ఉంది, దూరంగా. ఏసీ పంపు మీద పెట్టగానే పిడి చెంపకి తగిలినట్టయింది. మేనల్లుడికి ఇచ్చాను. వాడు స్క్రూడ్రైవర్ తీసి, పంపు వంక చూసి, మళ్లీ పెట్టి విన్నాడు.

ఎక్కువ చప్పుడు వినిపించినంత మాత్రాన రుజువైనట్టు కాదు. ఆ భాగాన్ని ఆట నుంచి తప్పించి, చప్పుడు పోతుందో లేదో చూడాలి. ఈ పంపుకి ఆ సౌకర్యం ఉంది. ఇంజను ఆపి, చల్లారాక, ట్యాంకు నుంచి వచ్చే పైపుకి బిరడా బిగించి, పంపు విప్పి, ఆ రంధ్రానికి చిన్న ప్లేటు, కాగితం ప్యాకింగ్ పెట్టి బిగించాం. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజను కాసేపు నడుస్తుంది. స్టార్ట్ చేశాం. టిక్కు లేదు. పెట్రోలు అయిపోయి ఇంజను ఆగేదాకా లేదు. విప్పిన పంపుని బల్ల మీద పెట్టి లీవరు వేలితో ఆడిస్తే కారణం కనిపించింది. లీవరుని కామ్‌కి ఆనించి ఉంచే స్ప్రింగు విరిగిపోయింది. లీవరు కామ్ ఉబ్బుని విడిచి ఎగిరి మళ్లీ వచ్చి పడుతోంది, ప్రతి కామ్ చుట్టుకీ ఒకసారి. కొత్త పంపు వేశాం.

ఇంతవరకు చెప్పినవన్నీ తీరిగ్గా వెతకదగ్గ చప్పుళ్లు. తీరిక లేనిది ఒకటుంది. టిక్ కాదు, డబ్ డబ్ మని బరువుగా, ఇంజను అడుగు నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గట్టిగా, వదిలే క్షణంలో మరోలా మోగుతుంది. ఒక సిలిండరు ఆపితే తగ్గుతుంది. ఆయిల్ లైటు కూడా వెలిగితే ఇక ఆలోచించకండి. ఇంజను ఆపేసి లారీ తాడు కట్టించుకుని రండి. అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఇంటిదాకా నడిపి చూద్దాం అనుకుంటే రాడ్డు బ్లాకుని చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు మరమ్మతు చేయడానికి ఇంజను మిగలదు.

అయితే క్రాంకు వేగంలో వచ్చే బరువైన చప్పుళ్లన్నీ రాడ్డువే అనుకోవద్దు. అమెరికాలో ఉన్న మన పిల్లల్లో కొందరు తొంభైల నాటి జీప్ చెరోకీలు సరదాకి కొనుక్కుని కొండలెక్కిస్తుంటారు. ఆ 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనులో టాపెట్ సందు సరిచేసే స్క్రూలే ఉండవు. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే లిఫ్టర్లు సందుని వాటంతటవే సరిచూసుకుంటాయి. కాబట్టి అక్కడ పై టిక్కుకి ముందు ఆయిల్ సంగతి చూడాలి. ఆ బండ్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చీలడం బాగా ఎరిగిన జబ్బు. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్నవాటిలో ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఉండే పల్చటి ఉక్కు పళ్లెం బోల్టుల దగ్గర పగిలితే అచ్చం రాడ్డు చప్పుడే వస్తుంది. కింది రేకు విప్పి ఆ పళ్లెం చూసిన తరవాతే ఇంజను మీద చేయి వేయాలి.

డీజిల్ జీపులవాళ్లకి ఒక్క మాట. మహీంద్రా పాత జీపుల్లో ప్యూజో రకం డీజిల్ ఇంజన్లు ఉంటాయి. వాటిలో ప్లగ్గు వైర్లుండవు కాబట్టి, ఐడిలింగులో ఒక్కొక్క నాజిల్ పైపు నట్టుని కొంచెం వదులు చేసి ఆ సిలిండరుని ఆపి చూస్తారు. చెడ్డ నాజిల్ కొట్టే చప్పుడు అలా దొరికిపోతుంది. గుడ్డ అడ్డం పెట్టుకోండి, చిమ్మే డీజిల్ ముందు చేయి పెట్టకండి, చర్మంలోకి దూరుతుంది. కామన్ రైల్ వచ్చిన బండ్లలో మాత్రం ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అందులో ఒత్తిడి వెయ్యి బార్ దాటగలదు. అది చేతిని కోసేస్తుంది.

మా మేనల్లుడి బండి సంగతి ఇంకా పూర్తవలేదు. పంపు మార్చి, మానిఫోల్డ్ బిగించి, టాపెట్లు సరిచేసినా ఐడిలింగులో వణుకు పూర్తిగా పోలేదన్నాను కదా. కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాం. రెండు సిలిండర్లలో తక్కువ. ఫీలర్ గేజ్ దూరని ఆ రెండు ఎగ్జాస్ట్ వాల్వులవే. అన్నాళ్లూ సందు లేకుండా నడిచి వాటి అంచులు కాలిపోయాయి. హెడ్డు దించక తప్పలేదు. రెండు వాల్వులు కొత్తవి వేసి, సీట్లు కోయించి, మిగతావి నూరించి, హెడ్డు ప్యాకింగ్ మార్చాం. స్టడ్డు, పంపు కలిపి ఎంతయిందో దానికి ఎన్నో రెట్లు ఈ ఒక్క పనికి అయింది. ఇంజను దించే ఖర్చు తప్పిందని మేనల్లుడు సరిపెట్టుకున్నాడు.

అన్నీ బిగించాక బండి స్టార్ట్ చేసి, బోనెట్ మీదికి వంగి చెవి పెట్టాడు.

"మావయ్యా, ఇంకా సన్నగా టిక్కుమంటాది."

"ఎనిమిదీనా?"

మళ్లీ విన్నాడు. "ఎనిమిదీ ఒకేలా ఉన్నాయి."

"అయితే అలాగే ఉండనీ. ఎవడైనా బిగిస్తానంటే గేజ్ తెమ్మను."